పగలంతా ఎండ – రాత్రికి బుర్రకథ

పాలకొల్లు అనగానే మీకు ఏది గుర్తుకు వస్తుంది? భక్తులనడిగితే పంచారామాల్లో ఒకటైన క్షీరారామం, దాని ఎత్తయిన గాలిగోపురం అంటారు. సినిమా అభిమానులు అల్లు రామలింగయ్యగారి పేరు, దాసరి నారాయణరావుగారి పేరు చెబుతారు. చరిత్ర చదివే మిత్రులయితే ఒకప్పుడు డచ్చివారు అక్కడ వర్తకం సాగించారని గుర్తుచేస్తారు. నాకు మాత్రం పాలకొల్లు అంటే దానికి కోసెడు దూరంలో వున్న మా వూరు. మా వూరంటే వేసవి రాత్రి. వేసవి రాత్రి అంటే గుమ్మెట చప్పుడు.

ఈ మాట మూడేళ్ల క్రితం అడిగి వుంటే ఇంత ధైర్యంగా చెప్పి వుండేవాణ్ణి కాను. మొదటి సంవత్సరంలో కొత్తవారికి స్వాగతం పలికే రోజున "ఏదైనా చెయ్యవోయ్" అని సీనియర్లు నన్ను వేదిక ఎక్కించారు. నాకు పాట రాదు, ఆట రాదు. స్నానాల బకెట్టు చంకన పెట్టుకుని గుమ్మెట అన్నాను. తువ్వాలు తలపాగా చుట్టాను. కళ్లు పెద్దవి చేసి, నడుం తిప్పి, మాటకు ముందొక తందాన, వెనకొక తందాన తగిలించి అయిదు నిమిషాలు గంతులు వేశాను. హాలు గొల్లుమంది. ఆ ఏడాది పొడుగునా హాస్టల్లో నా పేరు "తందాన". అయితే నేను వెక్కిరించింది ఎవరినో ఎవరికీ చెప్పలేదు. మా పెదనాన్నను. ఆయన దాదాపు ముప్పై ఏళ్లు ఒక బుర్రకథ దళంలో హాస్యపు వంత.

బుర్రకథ చరిత్రంతా చెప్పాలని నేను కలం పట్టలేదు. అంత చదువు నాకు లేదు. కాని ఆ కథ ఎందుకు అలా వుంటుంది, ముగ్గురే ఎందుకు, ఆ అందెలెందుకు, ప్రతి ముక్కా రెండుసార్లు ఎందుకు, ఆ తందాన ఎందుకు అనే సంగతులు మొన్నటి వేసవి సెలవుల్లో ఒకే ఒక్క రోజులో నాకు బోధపడ్డాయి. ఆ రోజు సంగతి మీతో చెప్పుకుంటాను.

నా గది మిత్రుడు కడప జిల్లావాడు, భౌతికశాస్త్రం విద్యార్థి. "ఎప్పుడూ మా గోదావరి, మా కాలువలు అంటావు కదా, చూపించు పద" అని నాతో బయలుదేరాడు. తెల్లవారుజామున పాలకొల్లు స్టేషన్లో దిగి ఆటో ఎక్కాం. వంతెన మీదికి రాగానే వాడు తల బయటపెట్టి చూసి, "ఇదేనా కాలువ? దీనికంటే మా పెన్నే నయం కదరా!" అన్నాడు. కాలువలో నీటిచుక్క లేదు. నడిమధ్య బురద పగుళ్లు, అందులో కొంగలు, గట్టున బోర్లించిన పడవ ఒకటి.

వాడికి చెప్పిందే మీకూ చెబుతాను, ఎందుకంటే ఈ కాలువకూ రాత్రి కథకూ సంబంధం వుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆర్థర్ కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు ఆ చోట ఆయన పేరుతోనే బ్యారేజీ వుంది. అక్కడినుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పారతాయి. మాది పశ్చిమ డెల్టా. సార్వా, దాళ్వా రెండు పంటలకూ ఆ నీరే ఆధారం. దాళ్వా పండి కోతకు రాగానే, మరమ్మతులకూ పూడికతీతకూ కాలువలు కట్టేస్తారు. అంతకుముందే వూళ్లలో మంచినీటి చెరువులు నింపుకుంటారు. మళ్లీ జూన్‌లో నీరు వదిలి నారుమళ్లు పోసేదాకా పొలంలో పని లేదు. ధాన్యం అమ్మిన డబ్బు కాస్తో కూస్తో చేతిలో వుంటుంది. ఏడాదిలో రైతుకీ కూలీకీ కూడా ఒకేసారి తీరిక దొరికేది ఈ నెలా నెలన్నరే. అందుకే మా వైపు పెళ్లిళ్లు, అమ్మవారి సంబరాలు, కథలు, నాటకాలు అన్నీ ఎండాకాలంలోనే కుప్పగా వస్తాయి. కాలువ కట్టేస్తేనే గజ్జె కట్టడం మొదలవుతుందని మా పెదనాన్న అంటూంటాడు.

మేం వెళ్లిన రోజు మా వూరి అమ్మవారి సంబరం. వైశాఖ బహుళ తదియ. రోహిణి కార్తె ఇంకా రాలేదు, కృత్తికలోనే రోళ్లు పగిలేటట్టున్నాయి. పది గంటలకే వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. చద్దన్నంలోకి మామిడికాయ ముక్క నంజుకుని తిని, తాటిముంజలు తిని, అరుగు మీద పడుకున్నాం. నిద్ర పట్టదు. తాటాకు విసనకర్రతో విసురుకుంటే వేడిగాలే మొహాన కొడుతుంది.

పెదనాన్న మాత్రం పెరటి అవతల కొబ్బరితోటలో పని చేస్తున్నాడు. నేలలో పాతిన ఇనప మొన మీద కాయ గుచ్చి, రెండు తిప్పులు తిప్పి పీచు వూడదీయడం ఆయన ఇప్పటి బతుకుతెరువు. కాయల లెక్కన కూలి. అరవై నాలుగేళ్ల మనిషి. కథలు తగ్గిపోయి ఎనిమిదేళ్లుగా గజ్జె కట్టలేదు.

సంబరం కమిటీలో అప్పటికి నెల రోజులుగా తగువు నడుస్తోంది. కుర్రవాళ్లు సినిమా పాటల ఆర్కెస్ట్రా కావాలన్నారు, పెద్ద పెద్ద సౌండు బాక్సులతో. ముసలివాళ్లు కథ కావాలన్నారు. చివరికి రాజీ కుదిరింది. ఎనిమిది గంటలకు బుర్రకథ, తొమ్మిదిన్నరకు ఆర్కెస్ట్రా. మూడు గంటల కథను గంటన్నరలో ముగించాలి. దళం పొరుగూరిది. పెదనాన్న ఒకప్పుడు పనిచేసింది ఆ దళంలోనే.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ దళం కథకుడు ఫోను చేశాడు. హాస్యపు వంతకు వడదెబ్బ తగిలింది, మంచం దిగలేడు. "బావా, ఈ ఒక్క రాత్రీ నువ్వే రావాలి" అని బతిమాలాడు. పెద్దమ్మ వినగానే, "మోకాళ్లు వంగవు, గుక్క నిలవదు, పదిమందిలో నవ్వులపాలవుతావా?" అంది. నవ్వులపాలు అనే మాట నాకు గుచ్చుకుంది. పెదనాన్న ఏమీ అనలేదు. కుప్ప వైపు చూసి, "ఇంకా మూడొందలు కాయలుంటాయి. ఇవి అయ్యాక చూద్దాం" అన్నాడు. నేనూ మిత్రుడూ సాయానికి దిగాం. గంటసేపు తంటాలు పడి ఇద్దరం కలిసి పాతిక కాయలు ఒలిచాం. మిత్రుడి అరచెయ్యి గీరుకుపోయింది.

మూడు గంటలకు ఆయన అటక మీదనుంచి పాత పంచెలో చుట్టిన మూట దింపించాడు. అందులో ఇత్తడి గుమ్మెట. దాన్ని తీసుకెళ్లి నడివాకిట్లో ఎండలో పెట్టాడు. "ఎందుకండీ, వేడికి చర్మం పాడుకాదా?" అన్నాడు మిత్రుడు. "ఎండలో పెడితేనే బాబూ బిగుస్తుంది. చెమ్మ పడితే చర్మం జారి డబడబమంటుంది. వానాకాలమయితే గడ్డి మంట వేసి కాచుకోవాలి. వేసంగిలో ఆ బాధ లేదు, సూర్యుడే శ్రుతి చేసి పెడతాడు" అన్నాడు పెదనాన్న. అరగంట పోయాక వేలితో ఒక్కటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఆడించాడు. ఆయన వెళ్తున్నాడని మాకు అప్పుడే తెలిసింది.

నాలుగు దాటాక సముద్రం మీదినుంచి గాలి తిరిగింది. నేల ఎండకు తొందరగా కాగుతుంది, నీరు నెమ్మదిగా కాగుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రపు చల్లగాలి వస్తుంది. పగలంతా కాగితే సాయంత్రానికి ఆ గాలి మా దాకా చేరుతుంది. అరుగుల మీదికి మనుషులు, వీధిలోకి పిల్లలు వచ్చారు. నీళ్లు జల్లిన వాకిళ్లలో మట్టివాసన. అయిదున్నరకు అమ్మవారి గరగలు బయలుదేరాయి. గరగ తల మీద పెట్టుకుని, చెయ్యి ఆన్చకుండా డప్పుల దరువుకు ఆడుతూ ఇంటింటికీ వచ్చారు. ఆడవాళ్లు కాళ్లకు పసుపునీళ్లు పోశారు. అవి తిరిగి గుడికి చేరేసరికి చీకటి పడింది.

అప్పుడు మిత్రుడొక ప్రశ్న వేశాడు. "మధ్యాహ్నం గుళ్లో మైకులో పాటలు వేస్తే మీ ఇంటికి సరిగా వినపడలేదు. ఇప్పుడు పొరుగూరి డప్పులు కూడా వినిపిస్తున్నాయి, గమనించావా?" జవాబూ వాడే చెప్పాడు. గాలిలో ధ్వని వేగం 0 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర సెకనుకు సుమారు 331 మీటర్లు. ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ సుమారు 0.6 మీటరు చొప్పున వేగం హెచ్చుతుంది. పగటిపూట నేలను ఆనుకున్న గాలి వేడి, పైగాలి చల్లన. ధ్వని చల్లటి వైపుకు వంగుతుంది కనుక పైకి లేచిపోతుంది. రాత్రి నేల ముందు చల్లారుతుంది, పైగాలి ఇంకా వెచ్చగా వుంటుంది. అప్పుడు ధ్వని కిందికి వంగి నేల వెంట దూరం పోతుంది. "మీవాళ్లు రాత్రిపూట కథ పెట్టుకోవడం వూరికే కాదు. పగలు చెబితే కథ కాకులు వింటాయి" అన్నాడు. మా పెదనాన్నకు ఆ మాట నచ్చి, "ఈ బాబు చదువు పనికొచ్చే చదువే" అన్నాడు.

గుడి పక్క సావిట్లో దళం వేషం వేసుకుంటూంటే మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. నేను గ్రంథాలయంలో చదివినది కొంత, ఆ సావిట్లో విన్నది కొంత కలిపి చెబుతున్నాను.

బుర్రకథకు మూలం జంగం కథ. పూర్వం జంగాలు తంబురా పట్టుకుని వూరూరా తిరుగుతూ కథలు చెప్పి భిక్ష స్వీకరించేవారు. తంబురాకున్న బుర్రనుబట్టే బుర్రకథ అన్న పేరు వచ్చిందని చెబుతారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, కాంభోజరాజు, బాలనాగమ్మ వంటి కథలు పల్లెలకు తెలిసింది చాలావరకు ఇలాంటి గొంతులవల్లనే. 1940ల్లో ప్రజానాట్యమండలి ఈ పాత పనిముట్టుకు కొత్త పదును పెట్టింది. సుంకర సత్యనారాయణగారు "కష్టజీవి" వంటి కథలు రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్‌గారు ఈ కళకు మారుపేరయ్యారు. బెంగాల్ కరువు మీద కూడా ఆయన కథ చెప్పారు. 1954లో వచ్చిన "అగ్గిరాముడు" సినిమాలో ఆయన బుర్రకథ వుంది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. మోటూరు ఉదయంగారి వంటి స్త్రీలు దళం కట్టి కథ చెప్పారు. తరవాత తరవాత కుటుంబ నియంత్రణ దగ్గరనుంచి అక్షరాస్యత దాకా ప్రభుత్వం ఏది చెప్పదలచినా బుర్రకథకుల్ని పిలిచేది. మా జిల్లా సంగతికి వస్తే, తాడేపల్లిగూడెంలో వుంటూ జీవితమంతా ఈ కళకు ఇచ్చిన మిరియాల అప్పారావుగారికి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికి ఆయన పోయి కొద్దిరోజులే అయింది.

ఇక దళం నిర్మాణం. ముగ్గురు. నడుమ కథకుడు, భుజాన తంబురా, చేతిలో అందెలు. అందెలంటే లోపల గుండ్లు వున్న బోలు కడియాలు. ఒకదానికొకటి తగిలిస్తే ఘల్లుమంటాయి. ఆయనకు అటొకరు ఇటొకరు వంతలు, గుమ్మెటలతో. ఒక వంత రాజకీయం చెబుతాడు, అంటే కథలోని సంగతికి నేటి లోకం సంగతి ముడిపెడతాడు. రెండో వంత హాస్యం. పొడుగు అంగరఖాలు, తలపాగాలు, కాళ్లకు గజ్జెలు.

పెదనాన్న అంగరఖా బిగుతయింది. చంకల కింద కుట్లు విప్పి పిన్నీసులు పెట్టారు. మొహానికి రంగు వేసుకుంటూ అద్దంలోనుంచి నన్ను చూసి, "ఏరా, అలా చూస్తావేం?" అన్నాడు. ఏమీ లేదన్నాను.

ఎనిమిదింటికి కథ మొదలయింది. ఆ రాత్రి కథ అల్లూరి సీతారామరాజు. మా ప్రాంతంలో ఈ కథకు వున్న పట్టు మరోచోట వుండదు. రాజుగారి పూర్వీకులది భీమవరం దగ్గర మోగల్లు. ఆయన నరసాపురం టేలర్ హైస్కూల్లో కొంతకాలం చదివారు. పాలకొల్లుకు దగ్గర్లోని చించినాడలో స్నేహితుడి ఇంట గుర్రపుస్వారీ నేర్చుకున్నారని చరిత్రకారులు రాశారు. 1922లో మన్యంలో పితూరీ లేవదీసి, 1924 మే 7న కొయ్యూరు దగ్గర ప్రాణాలిచ్చారు. అంటే అదీ వేసవే. కథకుడు "చించినాడ" అనగానే జనంలో ఒక కదలిక వచ్చింది, మనింటి పిల్లవాడి పేరు పిలిచినట్టు.

మొదటి అరగంట కథ బాగా సాగలేదని ఒప్పుకోవాలి. మైకు కీచుమంటోంది. వేదిక వెనక ఆర్కెస్ట్రావాళ్లు పెట్టెలు దించుతున్నారు. ముందు వరసలో పిల్లలు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. పెదనాన్న రెండు ఛలోక్తులు వేశాడు, నవ్వు రాలేదు. మూడోది వేయబోయి మాట మరిచిపోయాడు. నా పక్కనెవరో "ముసలాయనకి అయిపోయింది" అన్నారు. నేను తల దించుకున్నాను.

చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి ఘట్టం దగ్గర కరెంటు పోయింది.

మైకు ఆగింది, దీపాలు ఆరాయి. గుళ్లో దీపం తప్ప మరేమీ కనిపించలేదు. జనం లేవబోయారు. అప్పుడు చీకట్లో గుమ్మెట మోగింది. డబ్బు డబ్బుమని ఒకటే దరువు, పరుగెత్తే గుర్రంలాగా. ఆ దరువు ఎవరిదో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. దానికి అందెలు కలిశాయి. కథకుడు ఆగిన చోటనుంచే ఎత్తుకున్నాడు. ఎవరో లాంతరు తెచ్చారు. వెనక నుంచున్నవాళ్లు దగ్గరికి జరిగారు. పిల్లలు ఫోన్లు జేబులో వేసుకుని వాళ్ల వాళ్ల తాతల ఒళ్లో సర్దుకున్నారు. తదియ చంద్రుడు అప్పుడే కొబ్బరిచెట్ల మీదికి వస్తున్నాడు.

ఆ నలభై నిమిషాల్లో నేను నేర్చుకున్నది ఇప్పుడు చెబుతాను.

అందెల చప్పుడు సన్నన, గుమ్మెట చప్పుడు లావు. జనం గోల నడిమి స్థాయిలో వుంటుంది. కనుక ఒకటి దాని పైనుంచి, ఒకటి దాని కిందినుంచి చెవికి చేరుతున్నాయి. మైకు లేని రోజుల్లో ఆఖరి వరసవాడికి దరువు అందింది అలాగే. ముగ్గురూ మూడడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కి వేస్తూ కదలడం ఎందుకనుకునేవాణ్ణి. మసక వెలుతురులో మొహాలు కనపడవు, కదలిక కనపడుతుంది. తలపాగా అంత పెద్దగా వుండేదీ అందుకే కావచ్చు.

కథకుడు ఒక చరణం పాడి ఆపుతాడు, వంతలు దాన్ని అందుకుని తందాన అంటారు. ఆ వ్యవధిలో కథకుడికి గుక్క తిప్పుకోవడం కుదురుతుంది. లేకపోతే మూడు గంటలు ఏ గొంతు నిలబడుతుంది? వినేవాడికీ విన్నది లోపలికి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. ముందు వరస మొదటిసారి వింటే, వెనక వరస రెండోసారికి వింటుంది. పాట తరవాత అదే సంగతి వచనంలో మళ్లీ చెబుతారు. పుస్తకం చదివేవాడికి ఇది చర్వితచర్వణం. పగలంతా ఎండలో బస్తాలు మోసి వచ్చి, మధ్యలో కునుకు తీసి లేచినవాడికి ఇదే ఆధారం. ఎక్కడ లేచినా కథ అందుతుంది.

అన్నిటికంటే పెద్ద సంగతి వంతది. మనం మాట్లాడే తెలుగులో వంతపాడటం అంటే భజన చెయ్యడం. తానా అంటే తందానా అనడం అంటే సొంతబుద్ధి లేకపోవడం. నేనూ అదే అర్థంలో వాడేవాణ్ణి. కాని ఆ రాత్రి విన్నది వేరు. తెల్లవాడికి తుపాకులున్నాయి, రాజుకు బాణాలున్నాయి అని కథకుడు గొప్పగా చెబితే, "తుపాకీ ముందు బాణమేం చేస్తుందయ్యా?" అని వంత అడ్డు తగిలాడు. రాజు ముందుగా చీటీ పంపి మరీ ఠాణా మీద పడతాడంటే, "చెప్పి దొంగతనానికెళ్తారా ఎవరైనా?" అన్నాడు పెదనాన్న. వెంటనే మా వూరి చెరువుగట్టు మీద రాత్రిళ్లు మాయమయ్యే కొబ్బరికాయల ప్రస్తావన తెచ్చాడు. జనం పడీ పడీ నవ్వారు. నవ్వు తగ్గేసరికి కథకుడు జవాబు చెప్పాడు: "అది దొంగతనం కాదు, అందుకే చెప్పి వచ్చాడు". ఒక్కసారి అంతా నిశ్శబ్దం. వూళ్లో ఎవడో ఒకడు అడగదలచి అడగలేని ప్రశ్న వంత అడుగుతాడు. వాడు కథకుడి పక్కన నిలబడినా జనం తరఫు మనిషి. ఛత్తీస్‌గఢ్ పాండవానీలోనూ, తమిళుల విల్లుపాట్టులోనూ ఇలా కథకుడికి బదులు పలికే మనిషి వుంటాడు. అలసిన జనానికి కథ చెప్పవలసి వచ్చిన ప్రతి చోటా ఇలాంటి మనిషి అవసరం పడివుంటాడు.

మరి హాస్యం? నిద్రకు విరుగుడు. రంపచోడవరం ఘట్టంలో ముందు వరస ముసలమ్మ తూగుతూంటే, పెదనాన్న ఆమె ముందుకు వెళ్లి గుమ్మెట నెమ్మదిగా మీటి, "పిన్నీ, రాజుగారు నీ ముందే నుంచున్నారు, లేచి దణ్ణం పెట్టు" అన్నాడు. ఆమె నిజంగానే ఉలిక్కిపడి చేతులు జోడించింది. నవ్వు ఆగిన మరుక్షణం కొయ్యూరు ఘట్టం వచ్చింది. అప్పటికి ఎవరికీ నిద్ర లేదు. నవ్వించిన మనిషే గొంతు తగ్గించి తందాన అంటే, ఆ ఒక్క మాట ఏడుపులా వినిపించింది. మా పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను ఏం చేశానో రాయను.

రాజుగారు నేలకొరిగిన కొద్ది నిమిషాలకు కరెంటు వచ్చింది. సగం మంది "మంగళం దాకా పాడండి" అన్నారు. సగం మంది ఆర్కెస్ట్రా అని కేకలు వేశారు. దళం తొందరగా మంగళం పాడి దిగింది. మరో పది నిమిషాల్లో సౌండు బాక్సులు మా ఇంటి కిటికీ రెక్కలు అదరగొట్టాయి. కుర్రవాళ్లు ఆడారు. నేనూ కాసేపు ఆడాను, దాచడమెందుకు? కథ గెలిచింది, పాట ఓడింది అని చెబితే అబద్ధమవుతుంది. రెండూ జరిగాయి.

ఇంటికి వచ్చాక పెదనాన్న అరుగు మీద కూర్చుని మోకాళ్లకు కొబ్బరినూనె రాయించుకున్నాడు. తన వాటా డబ్బు లెక్కపెట్టి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. ఒక రోజు కాయలు ఒలిచిన కూలికంటే వంద రూపాయలు ఎక్కువ. "ఏడాదికి పది కథలొస్తే గొప్ప. కుర్రాడెవడు నేర్చుకుంటాడు?" అన్నాడు. నేర్చుకునేవాడు లేక ఆగిపోతోందా, పిలిచేవాడు లేక నేర్చుకోవడం లేదా అని అడిగాను. "గుడ్డు ముందా, కోడి ముందా? రెండూ ముందే వెళ్లిపోయాయిరా" అని నవ్వాడు.

అప్పుడు నా మిత్రుడు, పాపం ఏమీ తెలియక, "రేయ్, మొదటి ఏడాది బకెట్టు పట్టుకుని నువ్వు చేసింది ఇదే కదా!" అనేశాడు. నా గుండె ఆగినంత పనయింది. పెదనాన్న నా వైపు తిరిగాడు. "ఏం చేశాడు బాబూ?" మిత్రుడు చెప్పాడు. గంతులు, కళ్లు, తందాన, హాలు గొల్లుమనడం, అన్నీ. పెద్దమ్మ ముఖం ముడుచుకుంది.

పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరవాత గుమ్మెట నా ఒళ్లోకి తోసి, "ఏదీ, చెయ్యి చూద్దాం" అన్నాడు. నేను లేవలేదు. "లేవరా. ఊళ్లో పరాయివాళ్లను నవ్వించావు, నన్ను నవ్వించలేవా?" అన్నాడు. లేచాను. వీధిలైటు కింద నాలుగడుగులు వేశాను. ఆయన నవ్వలేదు, నా కాళ్ల వైపే చూశాడు. "అడుగు తప్పు. దరువు కుడికాలి మీద పడాలి. నువ్వు దరువును నడిపించడం లేదు, దాని వెనక పరుగెడుతున్నావు. మళ్లీ వెయ్యి" అన్నాడు. ఆర్కెస్ట్రా హోరులో ఆయన వేలితో అరుగు మీద కొడుతూంటే, ఆ రాత్రి ఒంటిగంట దాకా వేశాను.

విద్యార్థి మిత్రులారా, మన సంఘం ప్రతి ఏటా వార్షికోత్సవం జరుపుతుంది. పాటల కచేరీకి ఎంత ఖర్చు పెడతామో కార్యదర్శిగారు లెక్కలు చదివినప్పుడు మీరూ విన్నారు. అందులో ఒక్క గంట, ఆ ఖర్చులో కొద్ది భాగం ఒక బుర్రకథ దళానికి కేటాయించాలని నా మనవి. జాలిపడి కాదు సుమా, గంటసేపు వినండి, బాగులేకపోతే వచ్చే ఏడు పిలవకండి. మైకు మాత్రం చిన్నది చాలు. వీలైతే ఆరుబయట, చీకటిపడ్డాక పెట్టండి. కారణం భౌతికశాస్త్రం విభాగంలోని నా మిత్రుణ్ణి అడిగితే చెబుతాడు.

దళంలో ఒక హాస్యపు వంత తక్కువైతే కంగారుపడనవసరం లేదు. గుమ్మెట ఇప్పుడు హాస్టల్లో నా మంచం కింద వుంది. సెలవు రోజుల్లో మేడ మీద ఎండలో పెడుతున్నాను. అడుగు ఇంకా కుదరలేదు. వచ్చే వేసవికి, కాలువలు కట్టేసేనాటికి, కుదురుతుందని పెదనాన్న అంటున్నాడు.